ఇంజన్ టోపీ

ఆదివారం పొద్దున సికింద్రాబాద్ పాత సామాన్ల బజారుకు నేను అందరికంటే ముందు పోతాను. సరుకు మీద ప్రేమతో కాదు, బోణీ కోసం. మొదటి గిరాకీని ఒట్టి చేతులతో పంపడానికి ఏ దుకాణదారుకూ మనసొప్పదు. గల్లాపెట్టె పక్కన పాకడం నేర్చుకున్నవాణ్ణి. ఆ బలహీనత మా ఇంట్లోనూ ఉంది కాబట్టి, ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు.

ఆ రోజు గోనెపట్టా మీద తుప్పు తాళాల నడుమ ఒక ఇత్తడి సామాను కనిపించింది. కింద మీట, మధ్యలో గిన్నెలాంటి భాగం, పైన ఒంటరిగా నిలబడ్డ, స్క్రూలా మరలున్న కడ్డీ. గూడ్సు ఇంజన్ సీటీ, అంటే కూత పెట్టేది.

మా పాత కిరాణా దుకాణం వెనకాలే గూడ్సు లైను ఉండేది. దొరల కాలంలో ఓడల్లో వచ్చిన నల్లటి ఇంజన్లు నా చిన్నప్పటికి ముసలివై, ఇంకా బియ్యం వ్యాగన్లు లాగుతూనే ఉండేవి. ప్యాసింజరు ఇంజన్లలా వాటికి ఉరుకులాట లేదు. చక్రాలు చిన్నవి, ఒళ్లు పెద్దది. బరువెక్కువైతే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. తర్వాత వ్యాగన్ల మధ్య కొక్కేలు ఒక్కొక్కటే బిగుసుకుంటూ ఆ చప్పుడు బండి చివరిదాకా పోయేది. మసి వచ్చి మా చక్కెర మీద పడేది. గిరాకీ సణిగితే, "మసికి వేరే పైసలు తీసుకుంటలేను గద" అనేవాడు మా నాయన.

"టోపీ ఏది?" అన్నాను. సీటీ మీద బోర్లించే ఇత్తడి గంటను మా గల్లీలో అందరం టోపీ అనేవాళ్లం.

"లేదు సేట్. గిట్లనే దొరికింది."

"టోపీ లేకుంటే కూతెక్కడిది? బుస్సుమంటది, అంతే. పాము ధర చెప్పు."

"టోపీ నాకు మీరు పెడుతున్నరు గద సేట్, పొద్దుగాలనే."

లేచి నడవబోయాను. బోణీ పోతుందని వెనక్కి పిలిచాడు. నేను అన్న ధరకే ఇచ్చాడు.

కొత్తగా హోటల్ పెడుతున్న ఒకాయన గోడకు వేలాడదీయడానికి పాత రైలు సామాన్లు వెతుకుతున్నాడు. టోపీతో సహా దొరికితే అడిగినంత ఇస్తానన్నాడు. ఎవరిచేతైనా ఒక టోపీ పోత పోయిస్తే సరిపోతుంది. ఆటోలో చిలకలగూడలో మా ఇంటికి చేరేదాకా ఒళ్లో సీటీని నిమురుతూ అదే లెక్క వేసుకున్నాను.

ఇంట్లో అమ్మ ఎసరు పెట్టి, బియ్యం డబ్బాలో సోల ముంచుతోంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇత్తడి సోలతోనే కొలుస్తోంది. మందంగా ఉంటుంది, అడుగున ఒక బోల్టు. చిల్లి పడితే కొత్తది కొనడానికి మనసొప్పక తాత బిగించి ఉంటాడనుకునేవాణ్ణి. మా వంశం తెలుసు కదా. ఆ పూట బోల్టు చూశాను. చేతిలోని మరల కడ్డీ చూశాను.

"ఒక్కసారి ఇయ్యమ్మా."

"ఎసరు మరుగుతుంది రా."

అయినా లాక్కున్నాను. పానాతో బోల్టు ఊడదీసి, సోలను కడ్డీ మీద బోర్లించి తిప్పాను. కాసేపు తడబడింది. ఆ తర్వాత నూనె రాసినట్టు దిగి, బిగుసుకుంది. అక్కడే చతికిలబడ్డాను. పుట్టి బుద్ధెరిగాక నేను తిన్న ప్రతి ముద్దా రైలింజన్ కూతతో కొలిచిందే.

"అమ్మా, ఇది ఇంజన్ టోపీ."

"నాకు తెల్వదా? తియ్ దాన్ని."

రాలేదు. ఎటు తిప్పినా కదల్లేదు. నేను పానాతో కుస్తీ పడుతుంటే అమ్మ చెప్పింది.

"నేను కోడలుగ వచ్చి ఏడాది తిరగలే. దుకాణం వెనక బియ్యం చెరుగుతున్న. ఇంజన్ కూత షురూ జేసి నడుమల ఆగిపోయింది. పెంకులు పగిలినయ్. గిది ఎగిరొచ్చి నా పక్క బస్తల పడ్డది. జానెడు దూరం. బియ్యం మాడిన వాసన వచ్చింది."

"జానెడా?"

"జానెడే. నువ్వు కడుపుల ఉన్నవ్."

పానా చేతిలోంచి జారింది. అరచేయి చాపి నేల మీద ఆనించి చూసుకున్నాను, బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా. నేనూ, నా పిల్లలూ, నా బేరాలూ అన్నీ అందులోనే పట్టాం.

"మీ నాయనమ్మ, కోడలు కాలు మంచిది కాదు, పుట్టింటికి తోలుండ్రి అన్నది. నా పెట్టె సుత బయట పెట్టిచ్చింది. మీ తాత వచ్చి, గోనెసంచితోని దీన్ని పట్టి చూసిండు. 'అసల్ ఇత్తడి. పొద్దుగాలనే పైకప్పుల నుంచి వచ్చింది. బోణీ గిది' అన్నడు. బొక్క మూపిచ్చి నా చేతికిచ్చిండు. 'ఇంక ఈ ఇంట్ల బియ్యం దీంతోనే, ఈ పిల్లనే కొలుస్తది' అన్నడు. మల్ల ఎవ్వలు నోరెత్తలే."

"డ్రైవర్ అడగడానికి రాలేదా?"

"వచ్చిండు. పెంకులేయించి తీస్కపొమ్మన్నడు మీ తాత. మల్ల రాలే."

మామూలుగా అయితే ఆ మాటకు పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. ఆ పూట నవ్వు రాలేదు.

"ఎంతకు మాట్లాడినవ్?" అంది అమ్మ. అమ్ముతున్నావా అని అడగలేదు. కన్న కొడుకు సంగతి ఆమెకు తెలుసు.

అమ్మ కొంగుతో ఎసరు గిన్నె పట్టుకుని, మరిగే నీళ్లు టోపీ మీద పోసింది. వంటింటి నిండా ఆవిరి కమ్మింది.

"ఇగ తిప్పు."

కిర్రుమని కదిలింది. బోల్టు మళ్లీ బిగించి, తుడిచి, రెండు చేతులతో ఆమెకిచ్చాను. అమ్మ మళ్లీ కొత్తగా ఎసరు పెట్టింది. ఆ సీటీ అప్పటి ఇంజన్‌దేనా, దాని జాతిలో ఇంకోదానిదా, తెలిసే దారి లేదు.

సాయంత్రం హోటలాయన వచ్చాడు. సీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"టోపీ ఏదండీ? అది లేకపోతే ఇంక కూతేముంది? ఒట్టి ఇత్తడి ధర కట్టుకోండి."

పొద్దున నేనన్న మాటే. దానికి జవాబులు నా దగ్గర చాలా రకాలే ఉన్నాయి. లోపల వంటింట్లో సోలలోంచి బియ్యం గిన్నెలోకి జారిన చప్పుడు వినిపించింది.

"మీరెంత అంటే అంతే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నేనే మొదటిసారి విన్నాను.