పేరుకు ముందు వచ్చే మాట

మొన్న మంగళవారం పొద్దున్న మా చెల్లెలు ఫోను చేసింది. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక సందు. కేకేస్తే వినిపించే దూరానికి ఫోను ఎందుకు చేసిందో, తీయకముందే నాకు తెలిసిపోయింది. ఆయన్ని వదిలి గడప దాటలేకపోయిందన్నమాట.

“అక్కా, ఆయన ఎల్లిపోనారే,” అంది.

“బాధ పడ్డారా?”

“లేదే. కుర్సీలో కూసున్నోరు కూసున్నట్టే. నిద్దరనుకున్నాను.”

అప్పుడు నాకు ఊపిరాడింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, అదీ చెప్పుకోదగ్గంత ఏమీ కాదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు గుండె పగిలిందనీ లోకం చీకటైందనీ రాయడం రివాజు. నా గుండె పగల్లేదు, కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివి, ఈ ముసలిదానికి మనసు లేదని ఎవరైనా అనుకుంటే అనుకోండి. అలా అనుకునేవాళ్లు ముందు నుంచీ ఉన్నారు.

పోయినాయన నాకు మరిది, మా చెల్లెలి భర్త. విజయనగరంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఊరంతా మేష్టారు అంటుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఒక ఇంట్లో రెండు భాషలు ఎదురుబొదురుగా కూర్చుంటే ఎంత కాఫీ ఖర్చవుతుందో మా చెల్లెల్ని అడగాలి.

రిటైరయ్యాక ఆయన తమ వసారాలో, బ్యాంకు పరీక్షలకి చదువుకునే పిల్లలకి ఇంగ్లీషు చెప్పేవారు. ఆ పరీక్షల్లో పెద్ద పెద్ద నామవాచకాలు వస్తాయి. పిల్లలు వాటిని డిక్షనరీలోంచి బట్టీ పట్టి, తెలుగు అర్థంతో సహా గడగడా అప్పజెప్పేవారు. వాక్యంలో పెట్టమంటే మాత్రం గొంతులో వెలక్కాయ పడేది.

“అర్థం తెలిస్తే మొహం తెలిసినట్టు. ఎవరితో తిరుగుతాడో తెలిస్తే మనిషి తెలిసినట్టు. మాటని ఒంటరిగా ఇంటికి తేకండి, జంటతో పిలవండి,” అనేవారు మేష్టారు.

ఆయన పాఠమంతా ఇదే. ఏ నామవాచకం పక్కన ఏ క్రియ నిలబడుతుంది, దాని ముందు ఏ విశేషణం నడుస్తుంది. నష్టాన్ని ఇంగ్లీషులో ఏం చేస్తారు? ఇన్‌ఫ్లిక్ట్ చేస్తారు. పరువుని? టార్నిష్ చేస్తారు. దరిద్రాన్ని? ఎరాడికేట్ చేస్తారు, కనీసం వ్యాసాల్లో. మా కిటికీ వాళ్ల వసారాకి ఎదురు కనక, ఫీజు కట్టకుండా నాకూ ఆ చదువు అబ్బింది.

సముద్రం ఒడ్డున ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చేది. తండ్రి సముద్రంలోకి చేపల వేటకి వెళ్తాడు, తల్లి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. బెరుకు అనేది ఎరగని పిల్ల. ఒకరోజు మేష్టారు, పగని ఇంగ్లీషువాళ్లు హార్బర్ చేస్తారని చెప్పారు. హార్బర్ ఎ గ్రడ్జ్.

“అదేటి మాస్టారూ! హార్బరంతే పడవలు ఆగేది కదేటి?”

“ఆగేదే. పగ కూడా అక్కడే లంగరేసుకుంటుందమ్మా. వేటకి పోదు, ఒడ్డుకి రాదు.”

“ఐతే మా మేనత్తకి పెద్ద హార్బరే ఉన్నాది,” అంది ఆ పిల్ల. వసారా అంతా నవ్వు.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం ఇంకో రోజు. ఎవరో కుర్రాడు, అటెన్షన్‌ని పే చేయడమేమిటండీ, అది డబ్బా, అని విసుక్కున్నాడు. మేష్టారు సుద్దముక్క కింద పెట్టారు. “మనం బెంగ పెట్టుకుంటాం. జాలి పడతాం. కోపం తెచ్చుకుంటాం. ‘జాలి తెచ్చుకున్నాను’ అని రాయి, ఆ కిటికీలోంచి మా వదినగారు బెత్తం పుచ్చుకుని వచ్చేస్తారు. జాలి ఎందుకు పడాలో, కోపం ఎక్కడినుంచి తేవాలో మనమెప్పుడైనా అడిగామా? అమ్మ అంది, మనమూ అన్నాం. వాళ్లమ్మ వాళ్లకి పే అని చెప్పింది.”

నేను ఇన్నేళ్లు తెలుగు చెప్పి ఈ మాట ఎన్నడూ అనుకోలేదు. ఆ సంగతి ఆయనతో అనలేదు లెండి. అంటే ఆయన్ని పట్టగలమా!

ఆయనకి ఉన్న ఒకే ఒక్క లోపం, పెళ్లాన్ని పిలవడం రాకపోవడం. మా కాలం మగవాళ్లలో చాలామంది ‘ఏమే’ అనో ‘ఒసే’ అనో కానిచ్చేవారు. ఈయనకి అదీ మోటు. దగ్గేవారు. వసారాలోంచి దగ్గితే మంచినీళ్లు. పెరట్లోంచి దగ్గితే తువ్వాలు. నిజంగా జలుబు చేసినప్పుడు మా చెల్లెలు ఇల్లంతా పరిగెత్తలేక చచ్చేది.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ తొందరగానే తేరుకున్నాయి. పోయినవి మాటలు. అన్నీ కూడా కాదు, నామవాచకాలు. జీవితమంతా ఏవి నేర్పారో అవే పోయాయి. దేవుడికి హాస్యం ఉంటుందని విన్నాను గానీ ఇంత చవకబారు హాస్యమని అనుకోలేదు. “ఆ పొగలు కక్కేది ఇయ్యండి,” అంటే కాఫీ. “ముక్కు మీద పెట్టుకునేది ఏదీ?” అంటే కళ్లజోడు. చుట్టూ ఉన్న మాటలన్నీ వచ్చేవి, మధ్యలో ఖాళీ. నన్ను వదినగారూ అనడం కూడా పోయింది. నా నోటికి జడిసి అన్నిటికంటే ముందు పారిపోయిన మాట అదే అయ్యుంటుంది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరు ఒకాయన పరీక్ష చేశాడు. గడియారం చూపించాడు. “టైము చూసుకునేది,” అన్నారు మేష్టారు. పెన్ను చూపించాడు. “రాసేది.” ఆ తర్వాత మా చెల్లెల్ని చూపించి, “ఈవిడ పేరేమిటండీ?” అన్నాడు.

మేష్టారు తల దించుకున్నారు. చిన్నగా నవ్వారు కూడా. డాక్టరు పెదవి విరిచి ఏదో రాసుకోబోయాడు.

“ఆగు నాయనా,” అన్నాను. “ఆ ప్రశ్న పెళ్లయిన మర్నాడు అడిగినా ఆయన ఇలాగే ఊరుకునేవారు. ఇది జబ్బు కాదు, మర్యాద.”

“మరి ఎలా పిలుస్తారండీ?”

“దగ్గుతారు.”

డాక్టరు నవ్వాడు, నర్సు నవ్వింది, నేనూ నవ్వాను. మా చెల్లెలు నవ్వలేదు. ఆ సంగతి నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక పిల్లలు చూడ్డానికి వచ్చారు. మేష్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని పాఠం మొదలుపెట్టబోయారు. ఇన్‌ఫ్లిక్ట్ అన్నారు, ఆగిపోయారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అందరూ నేల చూపులు చూశారు. అప్పుడు ఆ సముద్రం ఒడ్డు పిల్ల, ఏమీ జరగనట్టే, “మాస్టారూ, మీరు ముందర మాట అనేయండి. ఎనక మాట మేం అంతాం. పరిచ్చలో అలాగే కదేటి ఇస్తారు, ఖాళీ పెట్టి?” అంది.

ఆయన ఇన్‌ఫ్లిక్ట్ అన్నారు. డ్యామేజ్ అని వసారా అరిచింది. టార్నిష్ అన్నారు. రెప్యుటేషన్. ఆయన మొహంలోకి రంగు వచ్చింది. ఆ రోజు నుంచి పాఠం అలాగే సాగింది. ఖాళీ ఆయనది, పూరించడం వాళ్లది. కొన్నాళ్లకి పిల్లలు దాన్ని తిరగేశారు. వాళ్లు ముందు మాట అని ఆగేవారు. ఒకరోజు, నమ్మకద్రోహం కోసం, బ్రీచ్ ఆఫ్... అని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తే, కాసేపటికి ఆయన, “ట్రస్ట్,” అన్నారు. జంట మాట చెయ్యి పట్టుకుని లాగితే రెండో మాట బయటికొచ్చింది. అన్నిసార్లూ కాదు. వచ్చినప్పుడు మాత్రం, నా కిటికీలోంచి నేను కూడా చప్పట్లు కొట్టానని ఒప్పుకుంటున్నాను.

ఇంత జరుగుతుంటే మా చెల్లెలు మాత్రం చిక్కిపోతోంది. వాళ్లిద్దరూ ప్రతి సోమవారం శివాలయానికి వెళ్లేవారు. వానైనా ఎండైనా మానేవారు కాదు. పక్షవాతం తర్వాత అది మానేసింది. ఆయన హాయిగా నడుస్తున్నారు, గుడి ఆటోకి బేరమాడేంత దూరం కూడా కాదు. అడిగితే మోకాళ్లంది, ఎండంది, ముగ్గు వెయ్యాలంది. ఒక సోమవారం వంటింట్లో పట్టుకున్నాను.

“ఏటే నీ బాధ? గుడికి ఎందుకు ఎల్లవు?”

“ఎందుకులే అక్కా.”

“సెప్తావా, మీ ఆయన్నే అడగమంతావా?”

చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది. “అర్చనకి గోత్రం, పేర్లు అడుగుతారు కదే పూజారిగారు. అక్కడొక్కసోటే ఆయన నా పేరు సెప్పేవోరు. ఇంకెక్కడా ఇనలేదు. అది ఇనడానికే నాను సోమారం సోమారం ఎల్లేదాన్ని. దేవుడి కోసమని మీరందరూ అనుకునేవోరు.”

నేను పొయ్యి మంట తగ్గించి దాని పక్కన పీట వేసుక్కూర్చున్నాను.

“ఇప్పుడు ఎల్తే పూజారిగారు అడుగుతారు. ఈయన అలా సూస్తూ ఉండిపోతే? పొగలు కక్కేది, ముక్కు మీద పెట్టుకునేది అంతన్నారు. నన్ను కూడా వండి పెట్టేది అంతే? ఎల్లకపోతే, నా పేరు ఇంకా ఉన్నాదేమో అనుకుంతాను. ఎల్తే తెలిసిపోతాది. నాను ఎల్లను.”

దాని భయం న్యాయమైనదే. డాక్టరు దగ్గర నేనాడిన హాస్యానికి అది ఎందుకు నవ్వలేదో అప్పుడు తెలిసింది. ఆయన మర్యాద వల్ల చెప్పలేదో, మరిచిపోయి చెప్పలేదో దానికి తెలిసే దారి లేదు. కానీ నేను ఆ కిటికీ దగ్గర ఊరికే కూర్చోలేదు కదా!

“ఒసే, డాక్టరు ఉత్త పేరు అడిగాడు. ఆ మాట ఆయన దగ్గర ఉత్తినే ఎప్పుడుంది? దానికి ముందు వచ్చే మాటలు వేరు. అవి గుళ్లో ఉన్నాయి. చీర మార్చుకో,” అన్నాను.

చీర మార్చుకుంది గానీ, మేష్టారు ముందు నడుస్తుంటే దారంతా నా చెయ్యి వదల్లేదు. గుళ్లో పెద్దగా జనం లేరు. పూజారిగారు మమ్మల్ని చూసి సంతోషించి, కొబ్బరికాయ అందుకుని, ఎప్పటి ధోరణిలోనే, “గోత్రం?” అన్నారు.

గోత్రం వచ్చింది. నేను స్తంభం పట్టుకున్నాను.

“నామధేయం?”

తన పేరు చెప్పారు, నిదానంగా, తన పేరేదో కొత్తగా విన్నట్టు.

“ధర్మపత్ని?” అన్నారు పూజారిగారు, తమలపాకులు సర్దుకుంటూ.

మేష్టారు మా చెల్లెలి వైపు చూడలేదు. శివుడి వైపు చూస్తూ, దాని పేరు చెప్పారు. పూర్తి పేరు, పుట్టింటివాళ్లం పెట్టినది, మేమే కత్తిరించి వాడుకుంటున్నది, అక్షరం తగ్గకుండా. ఆ పేరు ఇక్కడ రాయను. అది దాని సొంతం.

మా చెల్లెలు ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, “ఎండ మండిపోతన్నాది,” అంది. గర్భగుడి ఎదుట ఎండ ఎక్కడిదో శివుడికే తెలియాలి.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆయన ఆగలేదు. చేతికొచ్చిన ఆ ఒక్క నామవాచకాన్ని ఆయన గట్టిగా పట్టుకున్నారు. మర్నాడు పొద్దున్న వసారాలోంచి మా చెల్లెలి పేరు వినపడింది. దగ్గు కాదు, పేరు. మంచినీళ్లు కావాలట. కాసేపటికి మళ్లీ అదే పేరు, ఈసారి కళ్లజోడు. ఏ మాట దొరక్కపోయినా ఆ పేరే. పేపరన్నా, పంచె అన్నా, కిటికీ మూయమన్నా ఆ పేరే. వీధిలో కూరలమ్మే ఆవిడకి కూడా మా చెల్లెలి పూర్తి పేరు వచ్చేసింది.

“సిగ్గు లేదేటి అక్కా ఈయనకి? ఈది ఈదంతా ఇనపడతన్నాది. నలుగురూ ఏటనుకుంతారు?” అని నా దగ్గరికొచ్చి ఫిర్యాదు చేసేది. చెప్పడానికి వచ్చినప్పుడల్లా తలలో పువ్వు ఉండేది.

పిల్లల పాఠం చివరిదాకా సాగింది. ఆ సముద్రం ఒడ్డు పిల్ల ఈమధ్యే సాలూరులో బ్యాంకులో చేరింది. మొన్న కబురు తెలిసి బస్సెక్కి వచ్చింది. ఇంగ్లీషులో సంతాపాన్ని ఆఫర్ చేస్తారని దానికి బాగా తెలుసు. ఏదీ ఆఫర్ చెయ్యలేదు. మా చెల్లెలి పక్కన నేల మీద కూర్చుని, “పిన్నిగారూ, ఏటైనా తిన్నారేటి?” అంది.

నా ఊరట ఏమిటో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. ఆయన సుఖంగా పోయారు, అది ఒకటి. అంతకంటే పెద్దది, మా చెల్లెలికి అనుమానం మిగల్లేదు. మా చెల్లెల్ని తలుచుకుంటే నాకు కళ్ల ముందు కదిలేది చావు నాటి పొద్దు కాదు. అంతకు కొన్నాళ్ల ముందు ఒక మధ్యాహ్నం.

ఏదో పనిమీద వాళ్లింటికి వెళ్లి నడవలో నిలబడ్డాను. మా చెల్లెలు వంటింట్లో పప్పు కడుగుతోంది. వసారాలోంచి ఆయన పేరు పెట్టి పిలిచారు. అది వెంటనే కుళాయి కట్టేసింది. వెళ్తుందనుకున్నాను. వెళ్లలేదు, పలకలేదు. నీళ్లోడుతున్న చేతులు గిన్నె మీద అలాగే పట్టుకుని, తల కాస్త పక్కకి వంచి నిలబడింది. రెండోసారి పిలుస్తారని. నేను నడవలోనే, చెప్పుల చప్పుడు కానివ్వకుండా, ఆగిపోయాను.