ఇద్దరికి ఒక గది

మా ఆయన పోయి ఎనిమిది నెలలైనా ఆయన ఫోనుకు నేను రీఛార్జి చేయిస్తూనే ఉన్నాను. గ్యాసు బుక్ చెయ్యాలన్నా, పింఛను సంగతి తెలియాలన్నా ఆ నంబరే దిక్కు. నాకు సంతకం పెట్టడం వచ్చు, చదవడం రాదు. మెసేజీలు మా ఆడబిడ్డ చదివి చెప్తుంది. ఆవిడ పది పాసయింది. ఇప్పుడు నేను చెప్తుంటే ఇది రాస్తున్నదీ ఆవిడే. తన గురించి వచ్చిన చోట మెత్తగా రాసుకుంటుందేమోనని ఒక్కో కాగితం పూర్తయ్యాక నాకు చదివి వినిపించమంటున్నాను.

ఆ రోజు బందరు బజారులో ఇద్దరం ఎండుచేపలు పరుచుకుని కూర్చున్నాం. ఫోను టింగుమంది. ఆడబిడ్డ చూసి, ఏదో హోటలు వాళ్ళదంది. మా ఆయన వాళ్ళ హోటళ్ళలో నలభై రాత్రులు బస చేశాడట, వాళ్ళకు చాలా సంతోషమట. వాటికి వచ్చిన పాయింట్లు నెలాఖరుకు పోతాయట. ఈలోగా వాడుకుంటే ఇద్దరికి ఒక రోజు గది ఇస్తారట. గది వద్దంటే మిక్సీ, అదీ వద్దంటే పాయింట్లు వేరే వాళ్ళ నంబరుకు మార్చుకోవచ్చట.

ముందు ఇది దొంగ మెసేజే అనుకున్నాను. ఊరికే ఇస్తామన్నదేదీ నొక్కొద్దని బ్యాంకులో ఎన్నిసార్లు చెప్పలేదు? కానీ ఆ కింద ఉన్న ఊళ్ళ పేర్లు ఆడబిడ్డ చదివింది. గుడివాడ, భీమవరం, నెల్లూరు. అన్నీ ఆయన తిరిగిన ఊళ్ళే. దాంతో దొంగ మెసేజన్న అనుమానం పోయి, ఇంకో అనుమానం పట్టుకుంది.

మా ఆయన రొయ్యలు కొనే షావుకారు దగ్గర కారు నడిపేవాడు. దివిసీమ నుంచి నెల్లూరు దాకా ఎక్కడ చెరువులో రొయ్యలు పడితే అక్కడికి. ఊరు వెళ్ళి వచ్చినప్పుడల్లా మెడ పట్టేసి వచ్చేవాడు. కార్లో పడుకున్నానే అనేవాడు. నేను రాళ్ళుప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేదాన్ని. నలభై రాత్రులు హోటలు పరుపు మీద పడుకున్న మనిషికి మెడ ఎందుకు పడుతుంది? అన్నేళ్ళ కాపడాలు అబద్ధానికి పెట్టానా?

ఆడబిడ్డకు ఈ గొడవ పట్టలేదు. “మిక్సీ తీసుకో వదినా. గదైతే తెల్లారేసరికి అయిపోద్ది, మిక్సీ అయితే పదేళ్ళుంటది” అంది. వాళ్ళింట్లో మిక్సీ కాలిపోయి అప్పటికి వారమైంది. పోనీ పాయింట్లు తన నంబరుకు మారిస్తే మంచి మిక్సీ తనే చూసి తెప్పిస్తానంది. అన్న సంగతి ఈవిడకు ముందే తెలుసేమో, మిక్సీ ఆశ చూపించి కప్పేస్తోందేమో అని కూడా అనిపించింది. షావుకారును అడుగుదామా అంటే, పదకొండో రోజు తర్వాత ఆయన మా గుమ్మం తొక్కలేదు. నేనెందుకు వెళ్ళాలి?

ఫోనులో ఏదీ నొక్కకుండా మనిషినే చూసి మాట్లాడదామని మర్నాడు గుడివాడ బస్సెక్కాం. ఇంట్లో చేతులు చింతపండుతో రుద్ది, సబ్బుతో కడిగాను. అయినా బస్సులో పక్కావిడ ముక్కుకు పమిట అడ్డం పెట్టుకుంది. హోటల్లో చల్లగా, అద్దంలాంటి నేల. కౌంటరులో అమ్మాయి నంబరు కొట్టి, ఫోనుకు ఓటీపీ వచ్చుంటుంది చెప్పండి మేడమ్ అంది. ఆడబిడ్డ నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను. ఫోను పమిట కింద పెట్టుకుని, అది చెప్పే ముందు నాకొకటి చెప్పమన్నాను. ఆ నలభై రాత్రులూ మా ఆయన ఒక్కడే పడుకున్నాడా?

ఆ అమ్మాయి తెర వైపు చూసి, ఏమీ అనుకోకుండా చెప్పేసింది. “ప్రతిసారీ ఇద్దరనే ఉందండి.”

రెండో మనిషి ఎవరన్నాను. అది చెప్పకూడదంది. ఎందుకు చెప్పకూడదన్నాను. ఆడబిడ్డ నా చెయ్యి లాగి, పోయిన మనిషి మీద ఇప్పుడెందుకు వదినా, పద పోదాం అంది. నేను కదల్లేదు. అక్కడ సోఫా ఉంది, దాని అంచున కూర్చున్నాను. గంట కూర్చున్నాను. వచ్చేవాళ్ళు చూస్తున్నారని ఆ అమ్మాయికి ఇబ్బందై, బయట కార్లు కడిగే ముసలాయన్ని పిలిపించింది. ఇన్నేళ్ళుగా వచ్చేపోయే వాళ్ళందరూ ఈయనకు తెలుసంది. ఆయనకు మా ఆయన ఫొటో చూపించాను.

“ఈయనా? షావుకారు గారి డ్రైవరు గదమ్మా. మా హోటల్లోకి ఎప్పుడొచ్చాడు? వెనకాల గోడ పక్కన కారు పెట్టుకుని అందులోనే పడుకునేవాడు” అన్నాడాయన.

మరి ఆయన నంబరు లెక్కలోకి ఎలా వచ్చిందన్నాను. ముసలాయన కౌంటరు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. గది తీసుకునేది షావుకారట, నంబరు అడిగితే మాత్రం డ్రైవరుదే చెప్పేవాడట. హోటలు మెసేజీలు తన ఫోనుకు వస్తే ఇంట్లో చూస్తారని.

అయినా నేను నమ్మలేదు. నన్ను లేవదీయడానికి ఆ అమ్మాయే ఇలా చెప్పించిందేమో. కార్లో ఎలా పడుకునేవాడో చెప్పమన్నాను.

“తలుపు తీసి కాళ్ళు బయటపెట్టేవాడమ్మా. దోమలకని కాళ్ళకు గోతం తొడుక్కునేవాడు. ఎండుచేపల గోతం. అంచుకు పచ్చ వలదారం కుట్టుండేది. ఆ కంపు పడలేకే మా మేనేజరు ఆయన కారును గోడ పక్కకు పంపేవాడు.”

పచ్చ వలదారంతో అంచు కుట్టేది నేను. బందరు బజారు మొత్తంలో అలా కుట్టుకునేది నేనొక్కదాన్నే. ఏడాదికి ఒకటి రెండు గోతాలు కనిపించకుండా పోతుంటే, పక్కన కూర్చునే ఆవిడే ఎత్తుకుపోతోందని ఎన్నిసార్లు ఆవిడ మీద పడ్డానో. జుట్లు పట్టుకునే దాకా వచ్చింది ఒకసారి. మా ఆయన ఆ మర్నాడు కూడా ఏమీ ఎరగనట్టు అన్నం తిని, ఉప్పు మూట కాచవే అన్నాడు.

షావుకారు పక్కన రెండో మనిషి ఎవరని నేనడగలేదు. అడగాల్సినావిడ వేరే ఉంది.

పమిట కింద నుంచి ఫోను తీసి ఆడబిడ్డకిచ్చాను. “చదువు” అన్నాను. ఆవిడ అంకెలు చదువుతూ మధ్యలో ఆగి, మిక్సీయేగా వదినా అంది. గది అన్నాను. ఇవ్వాళే కావాలన్నాను. ఆ అమ్మాయి, ఇద్దరి పేర్లూ చెప్పండి మేడమ్ అంది. నా పేరు చెప్పాను. రెండోది మా ఆయన పేరు చెప్పాను. అమ్మాయి రాయకుండా నా మొహం చూసింది.

“రాసుకో అమ్మాయ్. ఇన్నాళ్ళూ బయటే పడుకున్నాడు” అన్నాను.

రాసుకుంది. ఆడబిడ్డను కూడా పైకి రానిచ్చింది, మంచి పిల్లే.

మధ్యాహ్నం గదిలోకి వెళ్ళాం. తలుపు గడియ మూడుసార్లు లాగి చూశాను. మంచం కింద చూశాను. దుప్పటి వాసన చూస్తే సబ్బు వాసనే వచ్చింది. ఆడబిడ్డ వెళ్ళి గోడ వైపు వాలబోతే, అది మీ అన్నయ్య చోటన్నాను. ఆవిడ గొణిగింది గాని, దిగి కుర్చీలో కూర్చుంది. నేను ఇటు పక్కన పడుకున్నాను. అంత మెత్తటి తలగడ నేనెప్పుడూ ఎరగను, తల అందులోకి దిగిపోయింది. సాయంత్రం బస్సుకు లేచేసరికి నాకు మెడ పట్టేసింది. అటూ తిరగదు, ఇటూ తిరగదు.

ఇంటికొచ్చాక ఆడబిడ్డే ఉప్పు వేయించింది. మూట నా మెడకు అదిమిపెట్టి, “నిజంగానే పట్టిందా వదినా?” అంది.