ఆయనొక్కరే దాటిన గేటు

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. కాలుగాలిన పిల్లి అని చిన్నప్పుడే మా ఇంట్లో పేరు పెట్టేశారు. అలాంటిదాన్ని చలికాలంలో సరస్సు పక్కన కూర్చోబెట్టడానికి ఇటలీ దాకా తీసుకెళ్ళారు మా ఆయన.

ఎనభైల మధ్యలో మాట. అప్పుడు మేం ఇల్లినాయ్‌లో అరోరాలో ఉండేవాళ్ళం. జనవరిలో ఆయన్ని కంపెనీ పని మీద మిలాన్ దగ్గర ఒక ఫ్యాక్టరీకి పంపితే, నేనూ హాస్పిటల్ ల్యాబ్‌లో లీవ్ పెట్టి వెంట వెళ్ళాను. పని అయ్యాక నాలుగు రోజులు ఎక్కడైనా గడిపి రావాలని ఒప్పందం. అక్కడి ఇంజనీర్ ఎవరో మజ్జోరె సరస్సు గురించి చెప్పాడని ఆయన ఒక పోస్ట్‌కార్డ్ తెచ్చి చూపించారు. నీలం నీళ్ళు, గట్టంతా పువ్వులు, రంగురంగుల గొడుగుల కింద జనం. ఆ పువ్వులు ఎండాకాలంలో పూస్తాయని చెప్పడం ఆ ఇంజనీర్ మర్చిపోయాడో, వినడం ఈయన మర్చిపోయారో ఇప్పటికీ తేలలేదు.

మేం వెళ్ళేసరికి ఊరు ఊరంతా తాళం వేసి ఉంది. హోటళ్ళ కిటికీలన్నీ మూసేశారు. పడవలకి టార్పాలిన్లు కప్పి కట్టేశారు. ఐస్‌క్రీమ్ కొట్టు షట్టర్ మీద ఏదో కాగితం అంటించి ఉంటే పట్టి పట్టి చదివాం. మార్చి అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. మేం దిగిన హోటల్లో ఒక్క అంతస్తుకే హీటింగ్ పెట్టారు, ఆ అంతస్తులో మేమిద్దరమే. హోటలావిడ పెద్దది, మంచిది. మాకు మాంసం అలవాటు లేదని సైగలతో చెబితే, ప్లేట్‌లో ఉన్న మాంసం ముక్కల్ని మా కళ్ళముందే చెంచాతో తీసేసి, అదే ప్లేట్ మళ్ళీ మా ముందు పెట్టింది. ఆ నాలుగు రోజులూ మమ్మల్ని ఆదుకున్నది నేను మూటగట్టి తెచ్చిన అటుకులూ, ఆవకాయా.

ఆయన మాత్రం హాయిగా ఉన్నారు. మంకీ క్యాప్ పెట్టుకుని, ఓవర్‌కోట్ మెడ దాకా బిగించి, రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని నీళ్ళకేసి చూసేవారు. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు," అనేవారు. నాకేమో ఆ ప్రశాంతత చూస్తే ఒళ్ళు మండేది. రేవు నుంచి చర్చి దాకా నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి, ఆయన ఇంకా అక్కడే ఉన్నారని చూసుకుని, మళ్ళీ చర్చి దాకా నడిచేదాన్ని.

ఊరు నచ్చక తిరిగానంటే అబద్ధం. అసలు సంగతి వేరే ఉంది. అంతకుముందు ఆకురాలే కాలంలో ఒక సాయంత్రం ఆయన ఆఫీస్ నుంచి వచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ, "ఇవాళ ఓత్ అయిపోయింది," అన్నారు. ఏం ఓత్ అన్నాను. సిటిజన్‌షిప్ అన్నారు. ఇద్దరికీ గ్రీన్‌కార్డ్ ఒకేసారి వచ్చింది. ఆయన అప్లై చేశారని తెలుసు, నేను చూద్దాంలే అన్నానని ఆయనకీ తెలుసు. కానీ ఇంటర్వ్యూ అయిందనీ, డేట్ వచ్చిందనీ, ఆ పొద్దున టై కట్టుకుని వెళ్ళింది కోర్టుకనీ నాకు చెప్పలేదు. కంచం ముందు కూర్చున్నంతసేపూ ఊరుకుని, అంత పెద్ద విషయం సింక్ దగ్గర చెప్పారు.

ఆ తరవాత తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఎవరైనా, "మరి మీరెప్పుడండీ?" అని అడిగితే పుట్టిన దేశం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆ ఓత్‌కి నా చెయ్యి పైకి లేవదండీ అనేదాన్ని. అందరూ గౌరవంగా తలలూపేవారు. మా ఆయన ఇంకాస్త సాంబారు వడ్డించుకునేవారు. ఆ ఉపన్యాసంలో సగం నిజం. మిగతా సగం, ఈయన నన్ను పిలవకుండా వెళ్ళిపోయారన్న కోపం. ఒకే మంచం మీద పడుకుంటూ రెండు దేశాలవాళ్ళమయ్యాం. నువ్వూ అప్లై చెయ్యి అని ఆయన అడిగినప్పుడల్లా ఆ ఊసెత్తొద్దనేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. మానేసినందుకూ కోపమే.

మూడోరోజు పొద్దున హోటలావిడ కిటికీలోంచి సరస్సు పై ఒడ్డు చూపించి, అక్కడ కొట్లు తెరిచి ఉంటాయనీ, బస్సు హోటల్ ముందే ఆగుతుందనీ సైగలు చేసింది. అది స్విట్జర్లాండ్ అని కూడా చెప్పింది. మేం విన్నాం. విని ఏం లాభం? ఇల్లినాయ్ నుంచి విస్కాన్సిన్‌కి పులిహోర డబ్బాతో పిక్నిక్‌కి వెళ్ళొచ్చే మనుషులం. బస్సులో అరగంట వెళితే దేశం మారుతుందని, మారితే వీసా కావాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

దారికి అడ్డంగా ఎరుపూ తెలుపూ చారల గేటు దగ్గర బస్సు ఆగింది. ఒక ఆఫీసర్ ఎక్కాడు. మా ఆయన అమెరికా పాస్‌పోర్ట్ మీద గద్ద బొమ్మ చూసి, తెరవనైనా తెరవకుండా ఇచ్చేశాడు. నా మూడు సింహాల పాస్‌పోర్ట్‌ని మాత్రం మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పి, మళ్ళీ చివరి నుంచి మొదటికి తిప్పాడు. నాకు స్విస్ వీసా లేదు. పైగా ఇటలీ వీసా ఒక్కసారికే ఇచ్చారు, దాటితే వెనక్కి రానివ్వరు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో అదంతా చెప్పి, పాపం, సారీ కూడా చెప్పాడు. ఇద్దరం దిగాం. డ్రైవర్ ఇంజిన్ ఆపకుండా మాకేసి చూస్తున్నాడు.

"మీరు వెళ్ళిరండి. మీకేం, వెళ్ళగలరుగా," అన్నాను.

పెళ్ళాం ఆ మాట ఆ గొంతుతో అంటే మొగుడన్నవాడు అక్కణ్ణించి అంగుళం కదలకూడదు. ఈ సంగతి తెలియని తెలుగు మొగుడు ఉండడనుకున్నాను. ఆయన, "సరే అయితే, ఒక్క గంటలో వచ్చేస్తా," అని బస్సెక్కేశారు.

ఆఫీసర్ నన్ను గేటు పక్కనున్న ఆఫీసులోకి పిలిచి, హీటర్ పక్కన కుర్చీ వేసి, ఉగ్గుగిన్నెడు కాఫీ ఇచ్చాడు. కూర్చోలేకపోయాను. కిటికీ దగ్గర నిలబడ్డాను. గేటు అవతల రోడ్డు కాస్త దూరం వెళ్ళి కొండ పక్కకి తిరుగుతుంది. ఆ మలుపు కేసే చూస్తున్నాను. మంచు పడడం మొదలైంది. ఈయన బూట్లు అసలే అరిగిపోయినవి. జారిపడితే? గుండెల్లో నొప్పి వస్తే? ఇక్కణ్ణించి కేకేస్తే వినిపించేంత దూరంలో పడి ఉన్నా నేను వెళ్ళడానికి లేదు. ఎవరినో బతిమాలాలి. నా మొగుడి దగ్గరికి వెళ్ళడానికి ఇంకొకళ్ళ దయ కావాలి. కోపం పోయి భయం వచ్చింది, కాసేపటికి ఆ భయం పెట్టినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

గంట దాటి చాలాసేపయ్యాక మలుపులో మంకీ క్యాప్ కనిపించింది. నడిచి వస్తున్నారు. క్యాప్ మీద మంచు, చేతిలో చాక్లెట్ పొట్లం.

"బస్సు ఇప్పట్లో లేదన్నారు, నడిచొచ్చేశా," అన్నారు రొప్పుతూ.

"ఏముంది అక్కడ?"

"ఏముంటుంది, ఇదే సరస్సు. రెండు కొట్లు తెరిచున్నాయంతే."

"అప్పుడూ ఇలాగే వెళ్ళారు," అన్నాను.

ఎప్పుడని ఆయన అడగలేదు. క్యాప్ తీసి దులుపుకున్నారు. "వెళ్ళమన్నది నువ్వేగా."

"ఇవాళ నేనన్నాను. ఆవేళ ఎవరన్నారు?"

మా భాష రాకపోయినా సంగతి అర్థమైనట్టుంది, ఆఫీసర్ పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. మా ఆయన క్యాప్ హీటర్ మీద ఆరబెడుతూ అన్నారు, "డేట్ చెబితే నువ్వు వద్దంటావనుకున్నా. నువ్వు వద్దంటే నేను వెళ్ళలేను. అందుకని చెప్పలేదు."

అది నిజమే. నేను కచ్చితంగా వద్దనేదాన్నే. "అయినా చెప్పాల్సింది," అన్నాను. "చెప్పాల్సింది," అన్నారాయన. తిరుగు బస్సులో చాక్లెట్ విరిచి సగం ఇచ్చారు. కోపం కోపమే, చాక్లెట్ చాక్లెట్టే. తిన్నాను.

అక్కడేమీ తేల్చుకోలేదు. ఇంటికొచ్చాక కూడా పాట్‌లక్‌లలో నా ఉపన్యాసం కొన్ని నెలలు నడిచింది, కాకపోతే మునుపటి ఊపు లేదు. మరుసటి ఏడు అప్లై చేశాను. పుట్టిన దేశం మీద ప్రేమ తగ్గి కాదు. ఆయన అవతలా నేను ఇవతలా మళ్ళీ అలా నిలబడడం నావల్ల కాదనిపించింది. డేట్ వచ్చిన సాయంత్రమే ఆయనకి చెప్పాను. ఆయన ఆఫీస్‌కి సెలవు పెట్టి, నన్ను షికాగో కోర్టుకి డ్రైవ్ చేసి తీసుకెళ్ళారు.

హాలు నిండా మాలాంటివాళ్ళే. చెయ్యి ఎత్తమన్నారు. లేవదనుకున్న చెయ్యి లేచింది. జడ్జి చెప్పిన మాటలు తిరిగి చెబుతుంటే మధ్యలో రెండు మాటలు మింగేశాను. అయిపోయాక అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. వెనక గోడ వారన తలొకరి కుటుంబాలు, కెమెరాలు, పువ్వులు. వాళ్ళ మధ్య మా ఆయన నా కోటూ, హ్యాండ్‌బ్యాగూ రెండు చేతులా పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, ఆ గుంపులో నాకోసం వెతుకుతున్నారు.

అప్పుడు తట్టింది నాకు. అంతకాలం నన్ను పిలవలేదనే అనుకున్నాను గానీ, తన ఓత్ రోజున ఆయన ఎలా ఉన్నారో ఒక్కసారీ అనుకోలేదు. చెయ్యి దించి ఆయనా ఇలాగే వెనక్కి తిరిగి ఉంటారు. అందరూ వేరేవాళ్ళ మనుషులే కనిపించి ఉంటారు.