చల్లగా ఉన్న కింది గొట్టం

1988 వేసవిలో నన్ను బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక ఉపకేంద్రానికి ఏఎన్ఎంగా వేశారు. పురుళ్లు పోసి, పిల్లలకు టీకాలు వేసే నర్సునన్నమాట. పదో తరగతి, ఆపైన పద్దెనిమిది నెలల శిక్షణ, అంతే నా చదువు. నా పైన హెల్త్ విజిటర్, ఆమె పైన డాక్టరుగారు. మా ముగ్గురికీ కలిపి ఒకటే డీజిల్ జీపు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేశాను గానీ, ఆ జీపును మాత్రం మరిచిపోలేదు.

డ్రైవరు యాకూబన్నది పాల్వంచ. ఆ నెలంతా జీపు ఒకటే వేడెక్కేది. బయలుదేరిన కాసేపటికే మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయేది. ఒకరోజు ఎండ అనుకున్నాం, ఇంకోరోజు మనుషులు ఎక్కువెక్కారనుకున్నాం. మా వైపు డ్రైవర్లకు ఒక అలవాటుంది. బండి వేడెక్కితే రేడియేటర్ ముందు తడి గోనెసంచి కట్టి, దారిపొడవునా దాన్ని తడుపుకుంటూ పోతారు. మేమూ అదే చేశాం. గోనె గాలిని ఆపుతుందని మాకెవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం మా ఉపకేంద్రం ఉన్న ఊళ్లో సమ్మక్కకు నొప్పులు మొదలయ్యాయి. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి దక్కలేదు. ఈసారీ కడుపు మీద చేయి వేసి చూస్తే తల ఒక పక్కకు తగిలింది. అడ్డంగా ఉన్న బిడ్డకు ఇంట్లో పురుడు పోయకూడదు, భద్రాచలం పెద్దాసుపత్రికి చేర్చాలి. అది మాకున్న రూలు. అదృష్టం కొద్దీ జీపు టీకాల పని మీద మా ఊళ్లోనే ఉంది. సమ్మక్కను, ఆమె అత్తను ఎక్కించుకుని బయలుదేరాం.

సగం దారిలో, అడవి మధ్యలో, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. యాకూబన్న ఇంజిన్ ఆపేసి, వేడి దిగేదాకా రేడియేటర్ మూత ముట్టొద్దన్నాడు. ముందే తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. అత్త ఊరుకోలేదు.

“గీ జీపు కన్న మా ఎడ్లబండే నయం గద బిడ్డా. ఎడ్లు నీళ్లు తాగి నడుస్తయి. ఇది తాగి పండుకుంటది.”

నొప్పిలో కూడా సమ్మక్క నవ్వింది. నేను ఊరికే నిలబడలేక, గోనె తడుపుదామని వంగాను. రేడియేటర్ అడుగున ఉండే లావు రబ్బరు గొట్టం చేతికి తగిలింది.

“యాకూబన్నా, ఇంజిన్ గింత కాలుతుంటే కింది గొట్టం సల్లగుందేంది?”

“తడి గోనె కట్టినం గద నర్సమ్మా. బండికి గూడ నాడి చూస్తున్నవా?”

“గోనె దానికి తగుల్తలేదన్నా. పట్టుకొని చూడు.”

పట్టుకుని చూశాడు. మళ్లీ హాస్యమాడలేదు. గోనె విప్పి రేడియేటర్ అడుగంతా తడిమాడు, థర్మోస్టాట్ పోయిందన్నాడు.

ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు నీళ్లు పోయే దారిలో ఉండే చిన్న తలుపు అది. ఇంజిన్ చల్లగా ఉంటే మూసుకోవాలి, వేడెక్కితే తెరుచుకోవాలి. మూసుకున్నది అలాగే బిగుసుకుపోతే వేడి నీళ్లు ఇంజిన్‌లోనే మరుగుతాయి, రేడియేటర్ చల్లగా పడి ఉంటుంది. ఆ చల్లదనం మా గోనె పుణ్యమే అనుకుని ఇన్నాళ్లు తిరిగాం.

వేడి దిగాక యాకూబన్న బోల్టులు విప్పి దాన్ని పీకేశాడు. దాని మూత కింది కాగితం వాషరు చిరిగిపోతే, నా మాత్రల అట్టపెట్టె కోసి గ్రీజు పూసి బిగించాడు. అత్త వాగులో చెలమ దగ్గరికి పోయి నీళ్లు తెచ్చింది. నేను సమ్మక్కను ఎడమవైపు పడుకోబెట్టి, ముక్కకుండా ఊపిరి వదలమంటూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ కూర్చున్నాను. అది ఆగలేదు.

జీపు కదిలాక ముల్లు మళ్లీ ఎర్రగీత వైపు పోలేదు. గోదావరి వంతెన దాటి ఆసుపత్రి చేరాం. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీ బిడ్డా క్షేమం.

థర్మోస్టాట్ లేకుండానే జీపు చలికాలం దాకా తిరిగింది. అప్పుడు ఇంజిన్ ఎంతకీ వేడెక్కక, పొగ కక్కుతూ, డీజిల్ ఎక్కువ తాగుతుంటే డాక్టరుగారు కొత్తది వేయించారు.

నేను నా పనిలో ఒకటి మార్చుకున్నాను. ముందు కాన్పు కష్టమైనవాళ్లను తొమ్మిదో నెల రాగానే భద్రాచలం దగ్గర చుట్టాల ఇంట్లో ఉండమనేదాన్ని. ఒప్పుకోకపోతే మళ్లీ పోయి అడిగేదాన్ని. నొప్పులొచ్చాక జీపు ఉందిలే అనుకోవడం ఏర్పాటు కాదు.