నేను అతిథిని కానండీ

ఆ రోజుల్లో నా కోపానికి బెజవాడ పటమటలో మంచి పేరుండేది. మాకు పాలు పోసే ఆవిడ కూడా ముందు మా అమ్మను "అమ్మాయి లేచిందాండీ" అని అడిగి, లేవలేదంటేనే గుమ్మంలో నిలబడి రెండు మాటలు మాట్లాడేది. డెబ్భైల మొదట్లో సంగతి. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు "మీకు కోపమే రాదేమోనండీ" అంటుంటారు. ఆ మెప్పు పుచ్చుకోవాలో, ఆనాటి పిల్లను వెనకేసుకు రావాలో నాకు తెలియదు. ఎందుకంటే అన్ని కోపాల్లోనూ కనీసం ఒక్కటి న్యాయమైనదే అని నేనిప్పటికీ నమ్ముతాను.

నేను పుట్టింది రంగూన్‌లో. మా తాతగారు పామర్రు పక్క పల్లె నుంచి ఓడెక్కి అక్కడి బియ్యం మిల్లులో పనికి వెళ్ళారట. నాన్నగారు అక్కడే పుట్టి, పెరిగి, రేవు ఆఫీసులో టైపిస్టు అయ్యారు. ఉద్యోగం నిలబడాలంటే ఆ దేశపు పౌరుడై ఉండాలన్నారని బర్మా కాగితం తీసుకున్నారు. తీరా తీసుకున్న కొన్నాళ్ళకే అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి ఉద్యోగమూ పోయింది, మేమూ వచ్చెయ్యాల్సి వచ్చింది. నాకు పదేళ్ళప్పుడు ఓడ దిగి, పటమటలో ఓ అద్దె ఇంట్లో చేరాం. నాన్నగారు వీధి గదిలో నాలుగు మిషన్లు పెట్టి టైపు నేర్పడం మొదలుపెట్టారు. నేను అక్కణ్ణుంచి తెచ్చుకున్న విద్య ఒకటే. మా మిషన్ స్కూల్లో ఓ మదర్‌గారు నేర్పిన రిబ్బన్ జిమ్నాస్టిక్స్. పుల్లకు పొడవాటి సిల్కు రిబ్బను కట్టి, దాన్ని గాలిలో సుడులు తిప్పుతూ, తాళానికి తగ్గట్టు గెంతాలి, వంగాలి, పిల్లిమొగ్గ వెయ్యాలి. రిబ్బను మాత్రం నేలను తాకకూడదు, ఒక్క క్షణం ఆగకూడదు. (మా అమ్మ దృష్టిలో ఇది గాలిపటం ఎగరెయ్యడం చేతకానివాళ్ళు చేసే పని.)

బెజవాడలో నేను చేరిన ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగారు ఒకావిడ ఉండేవారు. ఇంటర్వెల్లో నేను లంగా ఎగదోపుకుని, బొంగు ముక్కకు గుడ్డ కట్టి తిప్పుతుంటే చూశారు. తిడతారనుకున్నాను. ఆవిడ స్కూలు బ్యాండులోని డ్రమ్ము తెచ్చుకుని పక్కన కూర్చుని, "ఇంకోసారి చెయ్యి" అన్నారు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆవిడ డ్రమ్ము, నా గెంతులు. అమ్మ రంగూన్‌లో కట్టుకునే సిల్కు లుంగీని ఆవిడే బతిమాలి పుచ్చుకుని పట్టీలుగా చింపి కుట్టించారు. ఆ ఏడు జిల్లా పోటీల్లో మొదటిసారిగా రిబ్బను అంశం పెడుతున్నారని తెలిసి నా పేరు పంపారు.

పోటీలకు ఓ సెక్రటరీగారు పెద్ద. నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది కాబట్టి మేమాయన్ని లవంగం సెక్రటరీగారనే వాళ్ళం. నేను జడ బిగించి, వరసలో నా వంతు కోసం నిలబడి ఉండగా ఆయన వచ్చి, చేతిలోని జాబితాలో నా పేరు కొట్టేశారు. "బర్మా పిల్ల కదమ్మా, రూలొప్పుకోదు" అన్నారు. ఎంతో మర్యాదగా, లవంగం ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చుకుంటూ. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. డ్రిల్లు టీచరుగారు నా నోరు చేత్తో మూసి బయటికి తీసుకెళ్ళారని మాత్రం చెప్పగలను.

అప్పుడు మొదలైంది మన దేశపు పౌరసత్వ కాగితం కోసం తిరగడం. పటమట నుంచి బందరు కలెక్టరాఫీసుకు నాన్నగారూ నేనూ బస్సులో. దారిలో పామర్రులో బస్సాగగానే, పెళ్ళయి మాకంటే ముందే ఇటు వచ్చేసిన మా మేనత్త కిటికీలోంచి తేగల కట్ట అందించి, "ఈసారైనా అవుతుందా అన్నయ్యా" అని అడిగేది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పేలోగా బస్సు కదిలేది. ఆఫీసులో ఓ గుమాస్తాగారు ప్రతిసారీ కొత్తది అడిగేవారు. తాతగారు పుట్టిన ఊరి నుంచి ఉత్తరం, మా చర్చి నుంచి ఉత్తరం, మళ్ళీ మొదటి ఉత్తరానికి నకలు. ఓసారి నన్ను చూసి "ఈ పిల్లకు తెలుగు వచ్చా" అని నాన్నగారిని అడిగారు. వచ్చని నిరూపించే అవకాశం దొరికింది కదా అని నేనే అందుకున్నాను. ఆయన మేము వచ్చిన ప్రతిసారీ భోజనానికి లేచిపోవడం గురించి, దాచిన ఫైలు గురించి, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాన్నగారు నా కాలు తొక్కుతూనే ఉన్నారు. (ఆ దెబ్బకు ఇంకో మూడు నెలలు ఆలస్యమైందని అమ్మ లెక్క.) మొత్తానికి మరుసటేడు పోటీలకు వారం ముందు, అధికారి ఎదుట చెయ్యెత్తి ప్రమాణం చేయించి కాగితం ఇచ్చారు. అమ్మా నాన్నగార్ల పేర్ల కింద నా పేరు. నేను దాన్ని బస్సులో బందరు నుంచి బెజవాడ దాకా చదివాను. ఉన్నవి పది లైన్లే.

పోటీల రోజు గ్రౌండంతా జనం. సెక్రటరీగారు మైకు పట్టుకుని, "ఇప్పుడు మన ప్రియ అతిథి, బర్మా దేశపు క్రీడాకారిణి..." అని నా పేరు చదివారు. నా ధ్యాసంతా రిబ్బను మీదే ఉంది, అది చెవికెక్కలేదు. ఆ రోజు చేసినట్టు నేను జన్మలో మళ్ళీ చెయ్యలేదు. రిబ్బను నా మాట విన్నది, కాళ్ళు విన్నాయి, డ్రమ్ము విన్నది. చప్పట్లు కొట్టారు. బంతిపూల దండ వేశారు. ఆ తరవాత మార్కుల బోర్డు చూస్తే నా పేరు లేదు.

అడిగితే సెక్రటరీగారు ఆశ్చర్యపోయారు. "అతిథికి మార్కులేంటమ్మా? దండేశాంగా."

ఆయన చేతిలో మైకు లాక్కున్నాను. అంతమంది ముందు మాట్లాడ్డం అదే మొదలు. "నేను అతిథిని కానండీ. మాది పటమట. మా అత్తది పామర్రు. పోయినేడు పరాయిదాన్నని పేరు కొట్టేశారు, ఈ ఏడు పరాయిదాన్నని దండేశారు. నాకు దండొద్దు, మార్కులివ్వండి" అన్నాను. చేతిలో మైకున్నా అరిచాను. అది భయం కాదని ఇప్పుడు కూడా ప్రమాణం చేసి చెప్తాను. నాన్నగారు జనంలోంచి తోసుకుంటూ వచ్చి కాగితం తీశారు. జడ్జీలు ముగ్గురూ దాన్ని ఒకరి తరవాత ఒకరు చదివి, గుసగుసలాడి, "సరే, ఇందాక మార్కులు వెయ్యలేదుగా, మళ్ళీ చెయ్యమనండి" అన్నారు.

మళ్ళీ చేశాను. కోపంతో చేశాను. డ్రమ్ము ఒకటి కొట్టేలోగా నేను మూడు తిరిగాను. డ్రిల్లు టీచరుగారు నా వెనకపడి కొట్టలేక చెమటలు కక్కారు. రిబ్బను ఓసారి నా మెడకే చుట్టుకుంది. నేను ఆఖరి పిల్లిమొగ్గ వేసి నిలబడేసరికి డ్రమ్ము ఇంకా సగంలోనే ఉంది. సెకండు వచ్చింది. పెద్ద జడ్జీగారు దగ్గరికి పిలిచి, "మొదటిసారి చేసినట్టు చేసుంటే ఫస్టేనమ్మా" అన్నారు సానుభూతిగా. ఆ మాటకు నాకొచ్చిన కోపం నాలుగు రోజులు తగ్గలేదు. ఆ సెకండుతోనే రాష్ట్ర పోటీలకు వెళ్ళి, తొమ్మిది మందిలో ఏడోదాన్నయ్యాను. ఆ పైఏడు నా స్కూలు చదువు అయిపోయింది, జిల్లాలో ఇంకెవరూ పేర్లివ్వలేదని రిబ్బను అంశమే ఎత్తేశారు. దేశం మారిన తరవాత నా క్రీడాజీవితం మొత్తం అంతే, రెండు పోటీలు.

కానీ జిల్లా పోటీల సాయంత్రం నేనూ నాన్నగారూ ఇంటికి నడిచొస్తుండగా జరిగిన సంగతి ఆ రెంటికంటే నాకు బాగా గుర్తు. నేను దారి పొడుగునా సెక్రటరీగారిని, జడ్జీలను, గుమాస్తాను, బర్మా ప్రభుత్వాన్ని వరసగా తిడుతున్నాను. నాన్నగారు పటమట మలుపు దగ్గర ఆగి చెప్పులో రాయి దులుపుకుంటూ, "రంగూన్‌లో ఆ బర్మా కాగితం మీద సంతకం పెట్టిన రోజున నాకూ చాలా కోపమొచ్చిందమ్మా. ఎవరి మీద చూపించాలో తెలియలేదు" అన్నారు. నాన్నగారికి కోపం వస్తుందన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు. నేను "ఈసారి వస్తే నాకు చెప్పండి. మీ బదులు నేను అరుస్తాను" అన్నాను. ఆయన నడిరోడ్డు మీద కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

ఆయన ఒక్కసారీ చెప్పలేదు, నేనూ అరవలేదు. పదిహేనేళ్ళ పిల్ల అంత బరువైన మాట ఎంత తేలిగ్గా ఇచ్చేసిందో అని ఇప్పుడు నవ్వొస్తుంది. బ్యాంకులోనో ఆస్పత్రిలోనో ఎవరో ఏదో అంటే నేను "సరేనండీ" అని మెల్లగా వచ్చేస్తుంటానా, అప్పుడు మాత్రం ఆ పిల్ల నా పక్కనుంటే బాగుండునని అనిపిస్తుంది.