మీటరు ఒకరిది, గోడ ఒకరిది

మా పల్లెలో ఎవరికి ఆఫీసు పని పడినా నాకు ఫోను వస్తుంది. నేను పుట్టింది ఆ పల్లెలో, కాపురం అల్లూరులో. నెల్లూరులో డిగ్రీ చదివాను గానీ వాళ్లు నన్ను పిలిచేది చదువు చూసి కాదు, నోరు చూసి. "నువ్వొచ్చి పక్కన నిలబడుకో చాలు" అంటారు. నేను దాన్ని పొగడ్తగానే తీసుకుంటాను. ఆఫీసుల్లో మెత్తగా మాట్లాడి పని చేయించుకున్న ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. ఉంటే చూపించండి, వెళ్లి నేర్చుకుంటాను.

ఆ ఎండాకాలం ఫోను చేసింది మా వదిన, మా అన్న భార్య. అన్న పోయి అప్పటికి ఏడాది దాటింది. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కరెంటు బిల్లు గురించి తలచినవాళ్లు లేరు, పోయిన తర్వాత కట్టే శక్తి లేదు. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోయాడు. పక్కింటివాళ్లు కిటికీలోంచి ఒక వైరు లాగి ఇచ్చారు. మా పల్లెలో ఒక ఇల్లు చీకట్లో ఉంటే పక్కిల్లు ఊరుకోదు. ఆ వైరు మీద ఒక బల్బు వెలుగుతుంది, ఒక ఫ్యాను తిరుగుతుంది. వదినకు కావలసింది అవి కావు. ఆమెకు పాత ఫ్రీజరు పెట్టె ఒకటి ఉంది. ఒడ్డున వేలంలో చేప పాడుకుని, ఆ పెట్టెలో దాచి, మర్నాడు అల్లూరు బజారులో అమ్ముకుంటుంది. ఆమె బతుకంతా ఆ పెట్టెలోనే ఉంది. ఎరువు తెచ్చుకున్న వైరు మీద అది నడవదు. నడిపితే రెండు ఇళ్లూ కాలతాయి.

సరిగ్గా అప్పుడే సర్కారు ఒక వెసులుబాటు ప్రకటించింది. రేషన్ కార్డు ఉండి, బిల్లులు కట్టలేక లైను పోగొట్టుకున్న ఇళ్లకు పాత బకాయి మాఫీ చేసి, కరెంటు తిరిగి ఇస్తారట. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ టౌనులో కొందరు పెద్దమనుషులు ముక్కు చిట్లిస్తారు. నెలనెలా కట్టేవాళ్లు పిచ్చివాళ్లా అని అడుగుతారు. రొయ్యల చెరువులకు తక్కువ ధరకు కరెంటు ఇస్తే అది ప్రోత్సాహం, మా వదిన ఫ్రీజరు పెట్టెకు ఇస్తే అది సోమరితనం. ఈ లెక్క నాకు అర్థం కాదు, అర్థం చేసుకోను కూడా.

అప్పుడు వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఎండల్లో పడవలు ఆపేస్తారు. నిషేధం ఎత్తేసిన రోజు ఒడ్డంతా చేపే. ఏడాదిలో వదినకు నాలుగు రూపాయలు మిగిలేది ఆ రోజుల్లోనే. ఆ లోపు పెట్టె నడవాలి. మాఫీకి పేరు ఎక్కించుకునే గడువూ ఆ లోపే ముగుస్తుంది.

ఇద్దరం పల్లె సచివాలయానికి వెళ్లాం. బకాయి ఉన్నవాళ్ల పేర్లు గోడకు అంటించి ఉన్నాయి. మా అన్న పేరు లేదు. పై వరసలో మాత్రం ఒక పేరు కనిపించింది. మా పల్లెలో రెండు పడవలున్న ఆసామి, నాకు వరసకు చిన్నాన్న, ఇంట్లో ఏసీ ఉన్న మనిషి. ఆయన బాకీదారట. అర్హత గడిలో మాత్రం 'లేదు' అని ఉంది.

అక్కడినుంచి కరెంటాఫీసుకు వెళ్లాం. ఏఈ గారు కంప్యూటరులో చూసి, మా అన్న పేరు మీద పైసా బకాయి లేదన్నారు.

"నెలనెలా కట్టేస్తున్నారమ్మా. వాడకం కూడా బాగానే ఉంది, ఏసీ ఉన్నట్టుంది."

"ఆయన పోయి ఏడాది దాటింది సార్. పైన ఏసీ పెట్టించుకున్నాడేమో నాకు తెలియదు."

ఆయన నవ్వలేదు. వెనక నిలబడ్డ లైన్‌మన్ మాత్రం గోడవైపు తిరిగాడు. అప్పుడు వదిన నా మోచెయ్యి గిల్లి, "అమ్మాయ్, ఇళ్లు మార్చుకున్నాం గదా" అంది.

ఆ సంగతి చెప్పాలి. సునామీ తర్వాత మా పల్లెను ఒడ్డు నుంచి కాస్త లోపలికి జరిపి సర్కారు కాలనీ కట్టించింది. ఎవరికి ఏ ఇల్లో చీటీలు తీసి పంచారు. న్యాయంగానే పంచారు, కాదనను. కానీ ఆ చీటీలు తీసినవాళ్లకు మా పల్లెలో ఇల్లు ఎలా కుదురుతుందో తెలియదు. ఒక పడవ మీద వేటకు పోయేవాళ్లంతా పక్కపక్కన ఉండాలి. తెల్లవారుజామున పడవ పెద్ద లేచి గాలి చూసి, వీధి మొదట్లో నిలబడి ఒక్క కేక వేస్తే అందరూ బయటికి రావాలి. ఒకడు ఈ చివర, ఇంకొకడు ఆ చివర ఉంటే వాళ్లను పోగుచేసేలోపు గాలి తిరిగిపోతుంది. సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా అని మీరనవచ్చు. వేటకు పోయే మగవాడి ఫోనులో ఆ వేళకు చార్జింగు ఉండటం మీరు చూశారేమో, నేను చూడలేదు.

అందుకని గృహప్రవేశాలైన కొన్నాళ్లకే మావాళ్లు పడవల వరసన ఇళ్లు మార్చేసుకున్నారు. గిన్నెలు మారాయి, వలలు మారాయి, కోళ్లు కూడా మారాయి. గోడకు బిగించిన మీటరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మా అన్నకు చీటీలో వచ్చింది రోడ్డు పక్క మూలిల్లు. అందరి కళ్లూ దాని మీదే. పడవవాళ్ల పక్కన ఉండాలని దాన్ని చిన్నాన్నకు వదిలి, లోపలి వరసలో ఆయనకు వచ్చిన ఇంటికి మా అన్న మారాడు. ఆనాటినుంచి ఏ ఇంటికి వచ్చిన బిల్లు ఆ ఇంటివాళ్లు కట్టుకుంటున్నారు. దాని మీద ఎవరి పేరుందో పట్టించుకున్నవాళ్లు లేరు.

"మరి బిల్లు కొట్టే మనిషి ఇన్నేళ్లూ చూడలేదా సార్?"

"అతను మీటరు చూస్తాడు మేడమ్. మనుషుల్ని చూడమని మేం చెప్పలేదు."

ఒక్క మా వదిన పేరు మారిస్తే చాలదని ఆయన చెప్పారు. ఆమె గోడ మీద చిన్నాన్న పేరు తీస్తే అది మూలింటికి పోవాలి. ఇలా మారిన ఇళ్లు పల్లె నిండా ఉన్నాయి, ఒక్కోదాన్నీ విడిగా మార్చడం కుదరదు కాబట్టి, ఎవరింట్లో ఎవరుంటున్నారో పల్లె అంతా ఒకేసారి రాసిస్తే తాము వచ్చి చూసి మారుస్తామన్నారు. ఒప్పుకోవాలి, ఆయన చెప్పింది సబబే. నేను వాదించడానికి సిద్ధపడి వెళ్లాను, వాదించడానికేమీ మిగల్లేదు. కొంచెం నిరాశ కలిగిన మాట నిజం.

తిరిగి వచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరింది. చిన్నాన్న అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"చూసినావా పాపా, నా పేరు గోడకెక్కించినారు. బాకీదారంట. ఈ పల్లెలో నాకు బాకీ ఉండేవాళ్లు ఉండారు గానీ, నేను బాకీ ఉండేది యాడ?"

"చూసినా చిన్నాయనా. ఫొటో ఒకటే తక్కువ."

"నీకు నోరు తగ్గలా మే."

"తగ్గితే మీరు పిలవరు గదా."

ఆయన నన్ను వదిలేసి వదినవైపు తిరిగాడు. "కోడలా, ఈ రచ్చంతా ఎందుకు. రేపొద్దున్నే నేను కట్టేస్తా. ఫ్యూజు పెట్టిస్తా. నువ్వు నాకు నిదానంగా ఇయ్యి."

బయటివాళ్లకు ఇది మంచితనంగానే కనిపిస్తుంది. మంచితనమే, కాదనలేను. కానీ ఒడ్డున ఒక పద్ధతి ఉంది. పడవ ఆసామి డబ్బు తీసుకున్నవాళ్లు ఆయన పడవ చేపే ఎత్తాలి, ఆయన మనిషి చెప్పిన ధరకే ఎత్తాలి. అది కాగితం మీద ఉండదు. అయినా తప్పినవాళ్లు లేరు.

"వద్దు మామా" అంది వదిన.

"ఎందుకు వద్దు?"

"మీరు కడితే రేపు వేలంలో నా చెయ్యి మీ పడవకాడే లేస్తది. ఇంకో పడవకాడ లేవదు."

"నేను అట్లా అడిగినానా?"

"మీరు అడగరు. మీ గుమస్తా అడుగుతాడు. ఆయన అడక్కపోయినా నాకే మొహమాటం. సర్కారు నాకు ఇస్తానన్నది నాకు ఇప్పించండి మామా. అది తీసుకుంటే ఎవురికాడా తల దించాల్సిన పన్లేదు."

మాఫీ తీసుకోవడం చిన్నతనం అనేవాళ్లకు నేను ఇన్నేళ్లుగా గొంతు చించుకుని చెప్పలేకపోయినది ఆమె ఇంత చిన్న మాటల్లో చెప్పేసింది. నాకు కాస్త అసూయ కూడా వేసింది.

చిన్నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇళ్లు మార్చుకున్నామని రాసిస్తే పట్టాలు పీకేస్తే? అది ఆలోచించినారా?" అన్నాడు.

అదీ భయం. సర్కారు ఇచ్చిన ఇల్లు చేతులు మారకూడదని అందరికీ తెలుసు. నేను తహసీల్దారు ఆఫీసుకూ వెళ్లి అడిగాను. పోతాయని ఎవరూ అనలేదు, పోవనీ అనలేదు. "చూద్దాం" అన్నారు.

వలలు బాగుచేసుకునే షెడ్డులో పల్లె కూడింది. మగవాళ్లు లోపల, ఆడవాళ్లు బయట ఇసుకలో. నేను లోపలికి వెళ్లి నిలబడ్డాను. ఎవరో గొణిగారు. గొణగనిచ్చాను.

"నువ్వు బయటికి పోయిన ఆడబిడ్డవి, నీకేం సంబంధం?" అన్నాడు ఒక పెద్దాయన.

"సంబంధం లేదు కాబట్టే మాట్లాడుతుండా. ఉండేవాళ్లు నోరు తెరవటం లేదు గదా."

"ఒక ఇంటి కోసం పల్లె పట్టాలన్నీ నీళ్లపాలు చెయ్యమంటావా?"

నేను చాలా చెప్పాను. రేపు ఇంకే ఇంట్లో కష్టం వచ్చినా ఇదే గోడ అడ్డం వస్తుందన్నాను. తుఫాను సాయం వచ్చినా, ఇంకోటి వచ్చినా, తప్పు పేరున్న గుమ్మం దగ్గరికే పోతుందన్నాను. చనిపోయిన మనిషి పేరు మీద ఏసీ నడుపుకోవడానికి మనకు సిగ్గుండాలన్నాను. ఈ చివరి మాట అక్కర్లేదు, కానీ వచ్చేసింది. చిన్నాన్న తల వంచుకున్నాడు. మిగతావాళ్లు కదల్లేదు. నా మాటలు సరిగ్గానే ఉన్నాయి, పని మాత్రం చేయలేదు.

అప్పుడు వదిన ఇసుకలోంచి లేచింది. లోపలికి రాలేదు. అక్కడే నిలబడి చెప్పింది.

"నేను ఎవురి పట్టా అడగలా. నా పేరు నేనుండే గోడకు రాయండి అంటుండా. నా మొగుడు మీ కేకకి లేచినోడు. మీ పక్కన ఉండాలనే గదా మూలిల్లు వదులుకోని వచ్చింది. అది తప్పుపనా? తప్పయితే చెప్పండి, ఇంగ అడగను."

మా అన్న వేటకు వెళ్లిన పడవకు పెద్ద అయిన ముసలాయన వల సూది పక్కన పెట్టి లేచాడు. "కేక నాది. నా కేక కోసమే వాళ్లు మారింది. ముందు నేను రాసిస్తా. పట్టా పోతే నాది ముందు పోనీ."

ఆయన పడవవాళ్లు లేచారు. తర్వాత పక్క పడవవాళ్లు. ఒక పడవ లేచాక ఇంకో పడవ కూర్చుంటే పరువు పోతుంది కాబట్టి మిగతావాళ్లూ లేచారు. అందరికంటే చివర చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు.

"నా ఏసీ బిల్లు నా పేరునే రానీండబ్బా. సచ్చినోడి మీద ఎందుకు" అన్నాడు. ఆ మాటకు ఇసుకలో ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఏఈ గారూ సచివాలయం అమ్మాయీ లైన్‌మనూ వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆ వీధిని తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది. ప్రతి గుమ్మంలో ఒక మనిషి, చేతిలో ఆధార్ కార్డు. ఇల్లు ఎవరిది, ఉంటున్నది ఎవరు, ఎందుకు మారారు అని అడిగితే దాచినవాళ్లు లేరు, నసిగినవాళ్లు లేరు. అందరిదీ ఒకటే జవాబు: పడవ. ఒక అవ్వ మాత్రం సచివాలయం అమ్మాయినే ఎదురు అడిగింది.

"చీటీలు తీసినోళ్లు మీరే గదా మే. నువ్వు పడవెక్కుతావా?"

"నేనప్పుడు చిన్నపిల్లనవ్వా" అంది ఆ అమ్మాయి.

"అయితే ఇప్పుడు సరిగ్గా రాసుకో."

రాసుకుంది. గడువు ముగిసేలోపే పేర్లు మారాయి. బకాయి వదిన పేరు మీదికి వచ్చింది, వచ్చిన కొన్నాళ్లకు మాఫీ అయింది. పట్టాల గురించి ఇంతవరకు అడగడానికి ఎవరూ రాలేదు. వస్తే ఆ గుమ్మాల్లో మళ్లీ నిలబడతాం, నేను కూడా వస్తాను. అర్హత ఉన్నవాళ్లు అడిగి తీసుకున్న దాన్ని దానం అనేవాళ్లు ఒకసారి మా పల్లెకు రండి, మాట్లాడుకుందాం. నాకు తీరికే.

ఫ్యూజు బిగించిన పూట వదిన ఫ్రీజరు పెట్టె తుడిచి, ప్లగ్గు పెట్టి, దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. చల్లబడుతోందా అని అడిగితే, "నువ్వు మాట్లాడకుండా ఉంటే తెలుస్తది" అంది.

వేట నిషేధం ఎత్తేసిన తర్వాత మొదటి పడవలు వచ్చిన ఉదయం నేనూ ఒడ్డుకు వెళ్లాను. ముందుగా ఒడ్డున కుప్ప పోసింది చిన్నాన్న పడవ చేపే. వదిన వంగి ఒక చేపను ఎత్తి, మొప్ప తెరిచి చూసి, మళ్లీ కుప్పలో పెట్టింది.

"ఏం కోడలా, పాడవా?" అన్నాడు ఆయన.

"మీ ధర జాస్తి మామా" అని ఆమె పక్క పడవ కుప్ప దగ్గరికి నడిచింది. అక్కడ చెయ్యెత్తింది, ఇంకొకామెతో పోటీపడి పాట పెంచింది, గెలిచింది. చిన్నాన్న మూతి ముడుచుకున్నాడో లేదో నేను చూడలేదు. గంప మోస్తూ, నోరు మూసుకుని, మా వదిన వెనక నడుస్తున్నాను.