దుబాయ్ నుంచి వచ్చిన పచ్చరాతి గబ్బిలం

నా చిన్నప్పుడు మా ఎల్లారెడ్డి తాలూకా దిక్కు ఇంట్లకు గబ్బిలం దూరిందంటే ఇల్లు పాడుపెట్టాలె అనేటోళ్లు. కొన్నాళ్లు తాళమేసి, శాంతి చేయించినంకనే మళ్ల లోపట కాలు పెట్టుడు. మా నాయనమ్మను మేము అవ్వ అనేది. ఆమెకు ఈ పట్టింపు మరీ ఎక్కువ.

అసొంటి ఇంటికి మా కాక, అవ్వ చిన్నకొడుకు, దుబాయ్ నుంచి గబ్బిలాన్నే తెచ్చిండు. నవ్వకుండ్రి, నిజమే. బొటనవేలంత పచ్చరాయి బిళ్ల, జేడ్ అంటరట. దాని మీద రెక్కలు చాపిన గబ్బిలం, కింద రెండు పండ్లు చెక్కి ఉన్నయి. కాకతోని ఒక్క గదిల ఉండే చైనా వడ్రంగి ఇచ్చిండట. వాళ్ల బాసల గబ్బిలాన్నీ అదృష్టాన్నీ ఒక్కతీరుగనే పలుకుతరట. పండ్లేమో నిండు ఆయుష్షుకు గుర్తట. పెండ్లైన నెలకే దుబాయ్ పోయిన మొగడు మొదటిసారి తెచ్చిన నగ అది. మా చిన్నమ్మ దాన్ని గుప్పిట్లకెళ్లి ఇడువలే.

అవ్వ చూడనే చూసింది. "ఓరి నీ పాడుగాను! ఊరంత ఎల్లగొట్టేదాన్ని సంచిల ఏసుకొచ్చినవా?" అన్నది. కాక చైనా ముచ్చట చెప్పవోతే, "వాళ్ల బాస వాళ్లకు. మనింట్ల గబ్బిలం గబ్బిలమే" అని కొట్టేసింది. చిన్నమ్మ రాయి తీసి అవ్వ చేతుల పెట్టింది. కాక మళ్ల దుబాయ్ పోతే అడ్డుపడేటోళ్లే ఉండరు, ఇగ ఆ రాయి బాయిల పడుడే అని నాకు దుఃఖం ఆగలే.

అవ్వ రాయిని అటిటు తిప్పింది. కోడలి మొఖం చూసింది. కాక దిక్కు తిరిగి, "ఏం రా, ఇది దానంతటది ఎగిరొచ్చి దూరిందా, నువ్వు తెచ్చినవా?" అని అడిగింది.

"నేనే తెచ్చిన" అన్నడు కాక.

"గట్ల చెప్పు మరి! దూరినదానికే ఇల్లు పాడుపెట్టుడు. తోలుకొచ్చినది సుట్టమైతది."

పసుపునీళ్లల్ల కడిగి, నల్లదారానికి గుచ్చి, కోడలి మెడల అవ్వే కట్టింది. చిన్నమ్మ అప్పుడు గట్టిగ ఏడ్చింది. "ఏడ్సింది చాలు, పాలు పొంగుతున్నయి చూడు" అని అవ్వ కసిరింది. మెడల గబ్బిలమేందని ఇరుగుపొరుగు నోరు తెరిస్తే అవ్వనే మాటకు మాట అప్పజెప్పేది.

అట్లని అవ్వ నమ్మకం పోయిందనుకోకుండ్రి. మరుసటేడు నిజం గబ్బిలం దూరితే ఇల్లు పాడుపెట్టించింది. మేమంత పశువుల కొట్టంల వండుకొని తిన్నం.

ఇప్పుడు నేనే అత్తను. కోపం ముక్కు మీదనే ఉంటది. కోడలు ఏదన్న కొత్తది అడిగితే "మనింట్ల లేదు" అన్న మాట నాలిక చివరిదాక వస్తది. పట్టింపులు ఇడువ. గని ముందుగాల ఆ పిల్ల మొఖం ఒకసారి చూస్త. చూసినంక, సరే అననీకి ఏదో ఒక సందు దొర్కుతనే ఉంటది.